బడిలో మీ బిడ్డను ఏడిపిస్తున్నారని తెలిస్తే: ఆ రోజు, ఆ వారం, ఆ తర్వాత

ముందు ఒక సంగతి. మీ బిడ్డ ఈ రోజే "నాకు బతకాలని లేదు" అన్నా, అలాంటిదేదైనా రాసిపెట్టినట్టు కనిపించినా ఇది చదువుతూ కూర్చోవద్దు. బిడ్డను ఒంటరిగా వదలకుండా 14416కు ఫోన్ చేయండి. దాని పేరు టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. బిడ్డ అప్పటికే ఏమైనా చేసుకుని ఉంటే 108. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఇక తీరిక ఉన్నవాళ్లకు. ఇది కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉండే అమ్మానాన్నల కోసం, పిల్లల్ని పెంచుతున్న జేజిల (అవ్వల) కోసం, హాస్టల్ వార్డెన్ల కోసం. ఎన్ని విషయాలు రాసినా నేను చెప్పేది ఒకటే: బిడ్డ నోరు తెరిచి చెప్పినందుకు ఆ బిడ్డే నష్టపోకూడదు. మన దగ్గర జరిగేది మాత్రం అదే. బస్సులో ఎవడో వెంటపడి ఏడిపిస్తున్నాడని ఆడపిల్ల చెబితే వాడికేమీ కాదు, ఆ పిల్ల బడి మానాల్సి వస్తుంది, ఇంకో ఆరు నెలలకు సంబంధాలు చూడటం మొదలవుతుంది. మగపిల్లోడు చెబితే "సీమలో పుట్టి ఏడుస్తావేంరా, తిరిగి ఒకటి పీకి రాపో" అంటారు. ఫోన్లో ఎవరో తిడుతున్నారంటే ఫోన్ లాగేసుకుంటారు. లేదంటే నాయన నలుగురిని బండ్ల మీద వేసుకుని బడి గేటు దగ్గరికి పోతాడు, మరుసటి రోజు బడి మొత్తానికి అదే కథ. పిల్లలు ఈ లెక్కలన్నీ ముందే వేసుకుంటారు, అందుకే మనకు ఆఖరున తెలుస్తుంది.

ఏది ఆట, ఏది కాదు

"పిల్లలన్నాక ఆటపట్టించుకోరా" అని టీచర్లూ అంటారు, పెద్దవాళ్లూ అంటారు. 1982 చివర్లో నార్వేలో తోటి పిల్లల వేధింపుల తర్వాత ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నారు, ఆ మరుసటి ఏడాది అక్కడ దేశవ్యాప్తంగా బడుల్లో దీనిమీద ప్రచారం మొదలైంది. ఆ పనిలో ముందున్న డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూడమన్నవి మూడు: కావాలని చేస్తున్నారా, మళ్లీమళ్లీ చేస్తున్నారా, ఎదుటి బిడ్డ తిప్పికొట్టలేని స్థితిలో ఉందా. మూడూ ఉంటే అది ఆట కాదు. నన్నడిగితే మూడోదే అన్నిటికంటే ముఖ్యం, మన బడుల్లో ఆ బలం కులం నుంచి రావొచ్చు, డబ్బు నుంచి రావొచ్చు, నాయన పేరు నుంచి రావొచ్చు, పైక్లాసులో ఉండటం నుంచీ రావొచ్చు.

మన వైపు పిల్లలకు పెట్టే పేర్లు వింటే అర్థమవుతుంది. అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లు గోధుమరంగు తిరుగుతాయి. ఎంత తోమినా పోవు, అది లోపల పంటిలోనే పట్టిన రంగు, అయినా "గారపళ్లోడు" అని పిలిచి పిలిచి ఆ పిల్లాడు నవ్వడమే మానేసేలా చేస్తారు. ఆదోని వైపు నుంచి వచ్చినవాళ్ల తెలుగులో కన్నడం కలిసిందని, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల తెలుగు వేరేగా ఉందని, మన పిల్లలు విజయవాడ వైపు కాలేజీలకు పోతే అక్కడ మన యాసే తప్పని, నత్తి ఉందని, నల్లగా ఉందని, ఇంట్లో అప్పులవాళ్లు వచ్చి గొడవ చేశారని. ఒక్కొక్కటి వింటే చిన్నదే, రెండేళ్లపాటు రోజూ వినేవాళ్లకు చిన్నది కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, వేధింపు ఒక్కటే ఎవరినీ చావుదాకా తీసుకుపోదు. దానికి ఇంట్లో గొడవలు, పరీక్షల భయం, అంతకుముందే ఉన్న కుంగుబాటు, ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం, చేతికందే దూరంలో ప్రమాదకరమైన వస్తువు, ఇవన్నీ కలుస్తాయి. అన్నీ మన చేతిలో ఉండవు, కొన్ని ఉంటాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో 2022 ఒక్క ఏడాదే మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కాబట్టి "మా ఇంట్లో అలాంటిది జరగదు" అనే ధీమా వద్దు.

కనిపెట్టడం

సోమవారం పొద్దున కడుపునొప్పి, ఆదివారానికి మాయం. బడి నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా బాత్రూమ్‌కు పరుగు (బడి మరుగుదొడ్లో ఏదో జరుగుతుండొచ్చు, పొద్దుటి నుంచి ఆపుకుని వస్తున్నాడు). క్యారియర్ తిన్నది తిన్నట్టే తిరిగి రావడం, లేదా మరీ ఆకలితో రావడం, ఎందుకంటే అన్నం ఎవరో లాక్కుంటున్నారు. పెన్నులు, డబ్బులు తరచూ "పోవడం". దగ్గర దారి వదిలి చుట్టూ తిరిగి ఇంటికి రావడం. ఫోన్ మోగితే ఉలిక్కిపడటం. ఇవన్నీ వేధింపుల జాడలు కావొచ్చు.

చావు ఆలోచన జాడలు వేరు, వాటిని కలిపేసుకోకండి. "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది" లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు తమ్ముడికో ఫ్రెండ్‌కో ఇచ్చేయడం, ఎప్పుడూ లేనిది అందరికీ సారీలు చెప్పడం, చేతుల మీద గీతలు, ఎండాకాలంలోనూ ఫుల్ చేతుల చొక్కా. వారాల తరబడి ముడుచుకుపోయి ఉన్న బిడ్డ ఒక్కరోజులో ఉన్నట్టుండి ప్రశాంతంగా, తేలిగ్గా కనిపిస్తే "హమ్మయ్య" అనుకోవద్దు, ఆ రోజు మరింత దగ్గరగా ఉండండి. సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ హాస్టల్‌కు పోవాల్సిన ముందురోజు, మార్చిలో పరీక్షలు, ఏప్రిల్‌లో పది, ఇంటర్ ఫలితాలు, ఈ రోజుల్లో ఎలాగూ కళ్లు తెరుచుకుని ఉండాల్సిందే.

ఎలా అడగాలి

ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేస్తే ఏ పిల్లాడూ చెప్పడు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, వంటింట్లో శనక్కాయలు ఒలుస్తున్నప్పుడు, రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు, అంటే మొహం మొహం చూసుకోనక్కర్లేనప్పుడు అడగండి. "ఎవరన్నా ఏడిపిస్తున్నారా" అంటే "లేదు" అని ఒక్క మాటతో అయిపోతుంది. "మీ క్లాసులో ఎక్కువగా ఎవరిని ఆటపట్టిస్తారు? ఆ పిల్లాడు ఏం చేస్తాడప్పుడు?" అని అడగండి. పక్కవాడి కథ చెబుతూ చెబుతూ తన కథలోకి వస్తాడు. రాకపోయినా పర్వాలేదు, రెండు రోజులాగి మళ్లీ అడగండి.

చెప్పడం మొదలుపెట్టాక మీ పని నోరు మూసుకోవడం. "నువ్వేం చేశావు ముందు?" అనొద్దు. "మా కాలంలో" అసలే వద్దు. అంతా అయ్యాక మూడు మాటలు చాలు: "చెప్పినావు, మంచి పని చేసినావు. తప్పు నీది కాదు. నీకు చెప్పకుండా నేనేమీ చేయను." మూడో మాట ఉత్తుత్తిగా అనొద్దు, దాని మీద నిలబడాలి. అలాగని "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి, ప్రాణం మీదికొస్తే చెప్పాల్సి వస్తుంది కదా. ఆ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి.

ఇప్పుడు అందరూ భయపడే ప్రశ్న. సూటిగానే అడగాలి: "ఇంత బాధలో కొంతమందికి చచ్చిపోవాలనిపిస్తుంది. నీకెప్పుడైనా అట్ల అనిపించిందా?" అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టిస్తామేమో అనుకుంటారు, పరిశోధనలు చూస్తే అలా జరగదు, పైగా చాలామంది పిల్లలకు ఎవరో ఒకరు ఆ మాట పైకి అన్నందుకు బరువు దిగుతుంది. గొంతు మామూలుగా ఉండాలి, "అన్నం తిన్నావా" అని అడిగినట్టు. "పిచ్చి పనులేమీ చేయవు కదా?" అని అడిగితే మాత్రం "చేయను" తప్ప ఇంకో జవాబు రాదు, ఎందుకంటే మీకు కావలసింది ఆ జవాబేనని ఆ బిడ్డకు తెలిసిపోతుంది.

"అవును" అంటే ఏడవొద్దు, తిట్టొద్దు, దేవుడి మీద ఒట్టు వేయించుకోవద్దు. ఎలా అని ఆలోచించావా, ఎప్పుడని అనుకున్నావా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా అని అడగండి. ఈ మూడింట్లో ఒక్కదానికి అవునన్నా ఆ రోజు నుంచి బిడ్డ ఒంటరిగా ఉండకూడదు, అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి. మూడింటికీ కాదన్నా అదే వారంలో చూపించండి.

ఇల్లు సర్దడం

సేద్యం ఇళ్లల్లో పురుగుల మందు డబ్బాలు మంచం కిందో, గొడ్ల కొట్టంలోనో, మెట్ల కిందో ఉంటాయి. పత్తికి కొట్టగా మిగిలినవి, వచ్చే పంటకు పనికొస్తాయని దాచినవి. ఈ ఒక్క పని చేయండి, ఈ రోజే: అవి ఇంట్లో ఉండకూడదు. పొలం దగ్గర తాళం వేసిన పెట్టెలో పెట్టండి, లేదా కొన్ని వారాలు వేరే ఊళ్లో బంధువుల దగ్గర ఉంచండి. జేజి బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, ఎప్పటివో మిగిలిన స్ట్రిప్పులు కూడా తాళంలోకి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, "చావాలనుకున్నవాళ్లు ఎట్లైనా చస్తారు" అని. అది నిజం కాదు. పిల్లల్లో ఆ ఉధృతి చాలాసార్లు కొన్ని నిమిషాలదో గంటలదో, అప్పుడు చేతికి అందకపోతే ఆ గండం దాటిపోయే అవకాశం ఎక్కువ. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుల మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు, 1995 తర్వాత 20 ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది.

ఒకవేళ బిడ్డ ఏదైనా మింగినట్టు అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని పెట్టుకోకండి. డబ్బా లేదా స్ట్రిప్పు చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి, ఏ మందో తెలిస్తే డాక్టరుకు టైమ్ కలిసొస్తుంది. "బాగానే ఉన్నా" అంటున్నా పోవాల్సిందే.

ఆసుపత్రి, కేసు, పరువు

కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మూడింట్లోనూ మానసిక వైద్య విభాగం ఉంది. "పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే రేపు పెళ్లికి ఎవరొస్తారు" అనే మాట ఇంట్లో వస్తుంది, రాకుండా ఉండదు, దాన్ని విని పక్కన పెట్టండి. కడప పెద్ద దర్గాకు తీసుకుపోదాం అంటారు, దిష్టి తీయిద్దాం అంటారు. తీసుకుపోండి, తప్పేమీ లేదు, పెద్దవాళ్లకూ ధైర్యం, బిడ్డకూ నా కోసం తిరుగుతున్నారనే నమ్మకం. కానీ డాక్టర్ అపాయింట్‌మెంట్ దాని తర్వాత కాదు, ముందు. మందులు రాస్తే రెండు వారాలకే బాగైపోయిందని మీ అంతట మీరు ఆపొద్దు.

కేసవుతుందనే భయంతో కొందరు ఆసుపత్రికి పోకుండా ఆర్ఎంపీ దగ్గరే విలువైన గంటలు పోగొడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ రూపంలో లేదు. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) అని రాసుకుంటారు, పోలీసు వచ్చి నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. అంతమాత్రాన బిడ్డ మీద కేసు కట్టినట్టు కాదు.

బడికి పోవడం

బిడ్డ ప్రాణం భద్రంగా ఉందని కుదుటపడ్డాకే బడి సంగతి. గేటు దగ్గర కేకలు వద్దు, అవతలి పిల్లాడి ఇంటికి పోవడం అసలు వద్దు, మన ఊళ్లల్లో ఇద్దరు పిల్లల గొడవ రెండు ఇళ్ల కక్ష కావడానికి పెద్ద టైమ్ పట్టదు. కాగితం రాయండి. ఏ తేదీ, ఏ చోట, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు. "మా వాడిని బాగా ఏడిపిస్తున్నారు సార్" అంటే హెడ్‌మాస్టర్ "కనుక్కుంటామమ్మా" అంటాడు, "సోమవారం మధ్యాహ్నం అన్నం లైన్లో ప్లేటు తన్నారు, మంగళవారం మరుగుదొడ్డి తలుపు బయట గడియ పెట్టారు" అని ఉంటే అలా అనలేడు. రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద తేదీతో సంతకం పెట్టించుకోండి.

ఏం కావాలో కూడా మీరే చెప్పాలి. ఆ మరుగుదొడ్డి దగ్గర, ఆ లైన్లో, బస్సులో పెద్దవాళ్లెవరైనా ఉండాలి. బెంచి మారాల్సింది ఏడిపించేవాళ్లది, మీ బిడ్డది కాదు. ఏ గంటలోనైనా లేచి వెళ్లి చెప్పుకోగల ఒక టీచర్ పేరు ఖాయం కావాలి, ఆ టీచర్ ఎవరో బిడ్డే ఎంచుకోవాలి. వారం తర్వాత మళ్లీ కలిసే తేదీ వేసుకుని రండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోకండి: ఇద్దరినీ స్టాఫ్‌రూమ్‌కు పిలిచి చేతులు కలిపించి "ఇంక ఫ్రెండ్స్‌గా ఉండండి" అనే పంచాయితీ. ఇద్దరి బలం సమానమైతే రాజీ పనికొస్తుంది. ఇక్కడ ఒకడు నవ్వుతూ చెయ్యి ఇస్తాడు, ఇంకొకడు వణుకుతూ ఇస్తాడు, గేటు దాటాక దానికీ కలిపి పడుతుంది.

ఏడిపిస్తున్నది టీచరే అయితే? అదీ ఉంది, క్లాసులో నిలబెట్టి మార్కులు చదవడం, కులం పేరుతో ఎత్తిపొడవడం, కొట్టడం. విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. హెడ్‌మాస్టర్ కదలకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి), అక్కడా కాకపోతే డీఈఓ (జిల్లా విద్యాధికారి), సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ. 1098 పిల్లల హెల్ప్‌లైన్ ఎప్పుడైనా పనిచేస్తుంది, బిడ్డ తానే చేయొచ్చు. లైంగిక వేధింపు ఏ రూపంలో ఉన్నా అది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కిందికి వస్తుంది, బడి దాన్ని లోపల్లోపల సర్దేయడానికి వీల్లేదు, పోలీసులకు చెప్పి తీరాలి. 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి మరణం కేసులో. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలని అందులో ఉంది. లక్షలు కట్టించుకునే క్యాంపస్‌లో అడ్మిషన్ రోజే "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఒకసారి కలవొచ్చా" అని అడగండి, జవాబు ఎలా వస్తుందో చూస్తే సగం తెలిసిపోతుంది.

ఫోన్లో జరిగేది

ఫోన్ లాక్కోకండి, మళ్లీ జన్మలో చెప్పరు. వాట్సాప్ గ్రూపులో తిట్టినా, ఇన్‌స్టాలో దొంగ అకౌంట్ తెరిచినా ముందు స్క్రీన్‌షాట్లు, ఆ తర్వాతే బ్లాక్. ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరిస్తుంటే డబ్బు పంపొద్దు, జవాబివ్వొద్దు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది, అక్కడ పెట్టండి, దగ్గర్లోని స్టేషన్‌లోనూ ఇవ్వొచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల నగ్న ఫొటోలను నెట్‌లోంచి తొలగించడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే కంపెనీలకు పోతుంది. అలాంటి ఫొటోను సాక్ష్యం కోసమని కూడా మీరు ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు.

అమ్మానాన్న దగ్గర లేనప్పుడు

కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు సుగ్గికి (కోతల వలస) గుంటూరు మిరప కోతలకు పోయేవాళ్లు, రాయచోటి, రాజంపేట వైపు అమ్మ కువైట్‌లో ఉన్న ఇళ్లు. పిల్లలు జేజి దగ్గరో హాస్టల్‌లోనో. ఫోన్లో ఎప్పుడడిగినా "బాగుండా" అనే జవాబే, ఎందుకంటే పక్కన పదిమంది నిలబడి ఉంటారు, కొన్నిసార్లు ఏడిపించేవాడే నిలబడి ఉంటాడు. పోకముందే ఒక గుర్తుమాట పెట్టుకోండి, ఎవరికీ అనుమానం రాని మామూలు మాట, "జేజి మోకాలు ఎట్లుంది" లాంటిది. అది వినిపిస్తే ఎవరో ఒకరు రెండు రోజుల్లో వచ్చి చూసిపోవాలి. మీరు రాలేకపోతే చిన్నాయనో, మేనమామో, ఎవరు వస్తారో ముందే బిడ్డకు చెప్పి ఉంచండి. వార్డెన్ నంబరు మీ దగ్గర ఉండటం సరిపోదు, మీ నంబరు వార్డెన్ దగ్గర ఉందో లేదో చూసుకోండి.

పిల్లలు ఎవరైనా చదువుతుంటే, మీకు ఒక్క మాట. ఫ్రెండ్ "చచ్చిపోతా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే ఒట్టు తప్పండి. వాడు నెల రోజులు మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోనీ. మీరు నమ్మే పెద్దమనిషికి ఆ రోజే చెప్పండి, ఆ మనిషి పట్టించుకోకపోతే ఇంకొకరికి.

ఏడిపిస్తున్నది మీ బిడ్డే అని బడి నుంచి కబురొస్తే బెల్టు తీయకండి. ఏం చేశాడో చెప్పించండి, ఆపించండి, పాడుచేసిన వస్తువు తన డబ్బుతో కొనివ్వమనండి, తనను ఎవరైనా అలాగే చేస్తున్నారా అని కూడా అడగండి. ఒకచోట తన్నులు తిని ఇంకోచోట తన్నే పిల్లల్లో చావు ఆలోచనల ముప్పు ఇంకా ఎక్కువ, వాళ్లను మనం అస్సలు పట్టించుకోము.

ఆ తర్వాత

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాలే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సినవి, సరిగ్గా అప్పుడే చుట్టాల తాకిడి తగ్గి అందరూ పనుల్లో పడిపోతారు. బిడ్డతో కలిసి ఒక కాగితం రాయండి, బిడ్డ చేతిరాతతోనే: బాధ ముదురుతోందని నాకెలా తెలుస్తుంది, అప్పుడు నేనేం చేస్తే కాస్త తగ్గుతుంది, ఎవరి ఇంటికి పోతాను, ఎవరికి ఫోన్ చేస్తాను, చివర 14416. అది పుస్తకంలో ఒకటి, ఫోన్ కవర్లో ఒకటి. వారానికోసారి ఆ సూటి ప్రశ్న మళ్లీ అడగండి, బాగున్నట్టు కనిపించినా సరే.

బడి మార్చాలా అంటే బిడ్డను అడగండి. కొందరికి అది ఊపిరి, కొందరికి అది ఓడిపోయి పారిపోవడం, పైగా ఉన్న ఒకరిద్దరు స్నేహితులూ పోతారు. మార్చాలనే అనుకుంటే ఎనిమిదో తరగతిలోపు పిల్లలకు విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండటానికీ వీల్లేదు. టీసీ దరఖాస్తులో కారణం దగ్గర "సొంత కారణాలు" అని కాకుండా జరిగింది రాయండి, ఆ బడిలో ఇంకో బిడ్డ తల్లి వచ్చి అడిగిన రోజు "మాకెవరూ ఫిర్యాదు చేయలేదే" అనే మాట రాకుండా.